మూతమీద నిప్పులు

ఈ మధ్య ఎవరైనా "ఏమండీ, ఇవాళ మీ ఇంట్లో వంటేమిటి?" అని అడిగితే సమాధానం చెప్పడానికి నాకు కాస్త జంకుగా వుంటోంది. "దిబ్బరొట్టె" అన్నాననుకోండి. "టిఫిను సంగతి కాదండీ, భోజనంలోకి ఏం చేశారు?" అని మళ్ళీ అడుగుతారు. "భోజనంలోకే" అంటే వాళ్ళ మొహంలో జాలి కనిపిస్తుంది. పాపం, ఉద్యోగం చేసుకునే మనిషి, నాలుగు మెతుకులు వండుకోవడానికైనా తీరుబడి లేదు కాబోలు అనుకుంటారు.

నిజానికి మామీద జాలిపడవలసిన రోజులు ఏడాదిన్నర కిందట గడిచిపోయాయి. అప్పుడు మా ఇంట్లో వంట దివ్యంగా జరిగేది! మాది పిఠాపురం. నేను కాకినాడలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. మావారికీ ఆ వూళ్ళోనే ఆఫీసు. అమ్మాయి అక్కడే ఇంటర్మీడియెటు. అబ్బాయి మాత్రం ఇక్కడే ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఇంచుమించు 20 కిలోమీటర్లంటే పెద్ద దూరమేమీ కాదు గాని, ఏడున్నర బస్సు తప్పితే మొదటి పీరియడు తప్పినట్టే. అంచేత తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కుక్కరు ఎక్కించి, పప్పూ, కూరా, పులుసో చారో, పెరుగూ సిద్ధం చేసి క్యారియర్లు సర్దేదాన్ని. నాలుగు క్యారియర్లు, ఒక్కొక్కదానికి మూడేసి గిన్నెలు, వెరసి పన్నెండు గిన్నెలు. సాయంత్రం ఆ పన్నెండూ తోమడానికి తిరిగి వచ్చేవి. అమ్మాయి గిన్నెలో అన్నం సగం అలాగే వుండేది. అబ్బాయి కూర ముట్టుకునేవాడు కాదు. మావారి క్యారియరు ఒక్కటే కడిగినట్టుగా ఖాళీగా వచ్చేది. అది చూసి నేను మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం ఖరీదెంతో తరవాత తెలిసింది.

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక మావారి కాలికి గుమ్మం తగిలి చిన్న దెబ్బ తగిలింది. మూడు వారాలైనా మానలేదు. డాక్టరుగారు దెబ్బ చూడడం మానేసి రక్తపరీక్ష రాశారు. మూడు నెలల చక్కెర సగటు 8.6 వచ్చింది. 6.5 దాటితే జబ్బు కిందే లెక్కట. "మధ్యాహ్నం భోజనం చేశాక నిద్ర ముంచుకొస్తుందా?" అని అడిగారాయన. "రాకపోతే అది భోజనమెలా అవుతుంది డాక్టరుగారూ?" అన్నారు మావారు. డాక్టరుగారు నవ్వలేదు. మందులు రాసి, "మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించండి. ఈ మాట మీతో కాదు, మీ ఆవిడగారితో చెబుతున్నాను" అన్నారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో అచ్చయింది. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం వుందని తేల్చారు. పెద్దవాళ్ళలో నూటికి పదకొండు మందికి పైనే. మా స్టాఫురూములో మధ్యాహ్నం క్యారియర్ల పక్కన మాత్రల డబ్బీలు ఎన్ని తెరుచుకుంటాయో చూస్తే ఆ లెక్కమీద నాకు అనుమానం కలగలేదు.

ఇంటికి వచ్చి అత్తగారికి సంగతి చెప్పాము. ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు. పుట్టిల్లు కోనసీమ. అంతా విని, నెమ్మదిగా, "అయితే వాడికి అన్నం పెట్టవన్నమాట" అన్నారు.

"సగం పెడతానండీ."

"సగం అన్నం ఎవరికి పెడతారమ్మా? సీతమ్మగారు వండిపెట్టిన సీమమ్మా మాది!"

సీతమ్మగారంటే లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన డొక్కా సీతమ్మగారు (1841-1909). 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. అటువంటి ఆవిడను సాక్ష్యానికి పిలిస్తే కోడలెవరు నోరెత్తగలదు? అత్తగారి బాధ నాకు అర్థం కాకపోలేదు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం ఎంత గొప్పదో, కుర్చీలో కూర్చుని పనిచేసే నలభై ఎనిమిదేళ్ళ కొడుక్కి మారు వడ్డించడం అంత గొప్పది కాదని తల్లికి చెప్పడం ఎలాగ? గోదావరివాళ్ళకు అన్నంమీద ఈ భక్తి ఊరికే రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తరవాతనే గదా డెల్టా పొడుగునా రెండు గట్ల నిండా వరి పచ్చబడింది! అంతకు ముందు జొన్నా, చోడీ, గంటీ చాలామంది కడుపు నింపేవి. నీళ్ళు వచ్చాక అవి బీదవాళ్ళ తిండి కిందికి జారిపోయి, వరన్నం పరువు గలవాళ్ళ తిండి అయి కూర్చుంది. మా పిఠాపురం చుట్టూ ఏలేరు నీళ్ళు. ఇక్కడా అదే కథ. కూలిపనికి పోయి పొద్దుగూకులూ ఒళ్ళు వంచినవాడికి ఆ అన్నం అరిగేది. బస్సెక్కి, మెట్లెక్కి, కుర్చీ ఎక్కినవాడికి అరగదు.

సరే, అన్నం సగం చేశాను. మిగతా సగం జాగాలో ఏం పెట్టాలన్నదే ప్రశ్న. మొదట చపాతీలతో మొదలుపెట్టాను. నలుగురికీ పదహారు చపాతీలు. ఒక్కొక్కటీ వత్తి, కాల్చి, తిరగేసి తీసేసరికి నలభై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నానికి అవి తోలుముక్కలయ్యాయి. పెసరట్లు మంచివే. కాని అట్టు తరవాత అట్టు పోస్తూ ఒంటికాలిమీద నిలబడడమే. ఆపైన చల్లారిన పెసరట్టు క్యారియరులోంచి తీసి తినడం ఒక శిక్ష. తేలిక భోజనం, తేలిక భోజనం అని అందరూ అంటారు గాని, అది తినేవాడికి తేలిక. చేసేవాళ్ళ మాటేమిటి? అన్నమైతే కుక్కరు పెట్టి తల దువ్వుకోవచ్చు, జడ వేసుకోవచ్చు, పేపరు తిరగెయ్యవచ్చు. ఈ తేలిక భోజనాల్లో ఒక్కటీ మనిషిని పొయ్యిని వదిలి కదలనివ్వదు.

ఒకరోజు విసుగెత్తి, బజారునుంచి రొట్టె తెప్పించి, మధ్యన దోసకాయ, టమాటా చక్రాలు పెట్టి అబ్బాయి డబ్బాలో పెట్టాను. వాడు మూత తీసి చూసి, "అమ్మా, నాకు జ్వరమా?" అన్నాడు. అత్తగారు గభాలున వచ్చి వాడి నుదుటిమీద చెయ్యి వేశారు.

మనకు బజారు రొట్టె అంటే జ్వరం పథ్యమే గదా! అత్తగారికి 1960ల నాటి రేషను గోధుమల జ్ఞాపకం వుంది. అమెరికానుంచి ఓడల్లో వచ్చేవి. వాటిని ఏం చేసుకోవాలో తెలియక రవ్వ పట్టించి ఉప్మా చేసేవారట. 1965లో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ అనే సంస్థను పెట్టి రొట్టెల ఫాక్టరీలు నడిపింది. 2000లో దాన్ని హిందుస్తాన్ లీవర్ కంపెనీకి అమ్మేసింది. ఇన్నేళ్ళు గడిచినా, మైనపు కాగితంలో చుట్టిన ఆ రొట్టెను కోస్తా జిల్లాలవాళ్ళం పాలలో ముంచుకుని దిగాలుగా తిన్నామే గాని, భోజనంగా ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదయింది. తెల్ల మైదా రొట్టె తెల్లన్నంకన్నా చక్కెర జబ్బుకు చేసే మేలేమీ లేదు.

ఇలా వుండగా, ఉగాదికి ముందు ఇల్లు దులుపుతూంటే అటకమీద ఒక ఇనప మూకుడు దొరికింది. అడుగు మందం, అంచులు లోతు, తుప్పుపట్టి ఎర్రగా వుంది. పాతసామానులవాడికి వేసేద్దామని పక్కన పెట్టాను. అత్తగారు చూసి, చాపమీదనుంచి లేచి వచ్చారు.

"ఇది రొట్టెమూకుడే అమ్మాయ్. మా అమ్మ నాకు సారెతోపాటు ఇచ్చింది. దీని మూత ఏదీ?"

మూత దొరకలేదు. కాని మూత కథ దొరికింది. వాళ్ళ పుట్టింట్లో మినపరొట్టె కుంపటిమీద కాల్చేవారట. కింద మంట కాదు, కొబ్బరిచిప్పల బొగ్గుల నిప్పులు. మూకుడులో నూనె వేసి, పిండి రెండంగుళాల మందాన పోసి, పైన ఇత్తడి పళ్ళెం మూసి, ఆ పళ్ళెంమీద మళ్ళీ నిప్పులు. కిందా పైనా సెగ. రొట్టెను తిరగెయ్యవలసిన పని లేదు. "పిండి పోసి మూత పెట్టి నిప్పులేసి, మేము స్నానాలకి పోయేవాళ్ళం. వచ్చేసరికి రొట్టె రెడీ" అన్నారావిడ.

స్నానాలకి పోయేవాళ్ళం అన్న మాట నా చెవిలో గంట కొట్టినట్టయింది. పొయ్యి దగ్గర మనిషి అక్కరలేని వంట!

ఇంగ్లీషువాళ్ళు బేకింగ్ అనేది ఇదే. చుట్టూ సెగ, మూసిన జాగా, తొందర లేని కాలం, ఈ మూడే దానికి కావలసినవి. కేకు చెయ్యడమంటే మనదికాని విద్య అనుకుంటాము గాని, మన అమ్మమ్మలు కుంపటిమీద చేసింది అదే. తెలుగు మేష్టరమ్మను గనక ఒక మాట చెప్పుకోనివ్వండి. ఈ పనికి తెలుగులో సరైన క్రియ లేదని మా విద్యార్థిని ఒకమ్మాయి అన్నది. "కాల్చడం" అంటే అప్పడమూ కాలుస్తాము, చుట్టా కాలుస్తాము. "వేపడం" వేరు, "ఉడకబెట్టడం" వేరు. కాని మూతవేసి సన్నసెగన వదిలెయ్యడానికి "మగ్గబెట్టడం" అనే చక్కని మాట మనకు వుంది. పైన నిప్పులు పేర్చి మగ్గబెడితే అది బేకింగే. సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడడానికి పోషకులైన మహారాజావారి వూళ్ళో వుంటూ తెలుగులో మాట లేదంటే ఎలా ఊరుకుంటాను?

ఈ నిప్పుల మూత మన ఒక్కరి సొత్తూ కాదు. అమెరికాలో వలసవెళ్ళినవాళ్ళు బళ్ళలో దేశం దాటుతూ, "డచ్ ఓవెన్" అనే పోత ఇనప గిన్నెలో రొట్టె కాల్చుకునేవారు. దాని మూతకు చుట్టూ గట్టులాంటి అంచు వుంటుంది, పైన వేసిన నిప్పులు జారిపోకుండా. ఇసుక మూసల్లో ఇనపగిన్నెలు పోతపోసే పద్ధతికి ఇంగ్లండులో అబ్రహాం డార్బీ అనే ఆయన 1707లో పేటెంటు పుచ్చుకున్నాడు. డచ్చివాళ్ళు మన పాలకొల్లులోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ వర్తకం చేసినవాళ్ళే. అంతమాత్రాన మన దిబ్బరొట్టెకూ వాళ్ళ గిన్నెకూ చుట్టరికం కలపబోను. నిప్పూ, ఇనుమూ, పిండీ వున్నచోట ఎవరికైనా తోచే ఉపాయమే ఇది.

మూకుడును చింతపండుతో తోమి, నూనె రాసి, కాచి, మళ్ళీ నూనె రాసి నాలుగు రోజులకు దారిలోకి తెచ్చాను. ఆదివారం మొదటి రొట్టె పోశాను. గ్యాసు పొయ్యిమీదే. కిందంతా మాడింది, మధ్య పిండి పిండిగానే వుంది, పైన తెల్లగా తడిసిన గోడలా మెరుస్తోంది. అబ్బాయి చెంచాతో గుచ్చి, "మామ్మా, ఇది ఇడ్లీకి అన్నయ్యా, అట్టుకి తమ్ముడా?" అన్నాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "మంట ఎక్కువ పెట్టావు. రొట్టెకి కంగారు పనికిరాదమ్మా" అన్నారు.

తప్పెక్కడ జరిగిందో తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. మామూలు మూత పెడితే లోపలి ఆవిరి మూతకు తగిలి నీరై మళ్ళీ రొట్టెమీదనే పడుతుంది. నీరున్నంతసేపూ ఆ పైభాగం నూరు డిగ్రీలు దాటదు. ఉడుకుతుంది గాని ఎర్రబడదు. రొట్టెకు ఆ గోధుమరంగు పొర, ఆ కమ్మని వాసన రావాలంటే నూట నలభై డిగ్రీల దగ్గరికి పోవాలి. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ ఆ వేడిలో కలిసి చేసే పని అది. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాన్ని వివరించాడు గనక ఆయన పేరే పెట్టారు. మూతమీద నిప్పులు వేస్తే మూతే వేడెక్కి నీరు నిలవదు. గ్యాసు పొయ్యికి ఆ సదుపాయం లేదు. అంచేత తిరగెయ్యక తప్పదు. అంతే తేడా. ఆ ఒక్కసారి తిరగెయ్యడానికి వచ్చి పోతే చాలు.

ఇప్పుడు మా ఇంట్లో కుదిరిన లెక్క చెబుతాను. అత్తగారి కొలత గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. రుచికి దానికి సాటి లేదు. కాని బియ్యం తగ్గించాలనుకున్నప్పుడు బియ్యపు రవ్వే రెండింతలు పోస్తే మనల్ని మనమే మోసగించుకోవడం గదా! నేను గ్లాసు పప్పుకు గ్లాసుంబావు రవ్వకు దిగాను. ఆ రవ్వలోనూ సగం కొర్రల రవ్వ. ఇంకా పప్పు పెంచితే రొట్టె గారెలాగా నూనె పీలుస్తుంది. నూరు గ్రాముల మినప్పప్పులో 23, 24 గ్రాముల మాంసకృత్తులు వుంటే బియ్యంలో 7, 8 మాత్రమే. కడుపు నిండిందన్న తృప్తి సాయంత్రందాకా నిలిచేది అందుకే.

పప్పు నాలుగు గంటలు నానాలి. రవ్వ కడిగి రెండు గంటలు నానబెట్టి, గట్టిగా పిండి కలపాలి. పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించడమే గాని పొయ్యకూడదు. పిండి గారెల పిండికన్నా కొంచెం జారుగా, ఇడ్లీ పిండికన్నా గట్టిగా వుండాలి. మినప్పప్పు జిగురే గాలిబుడగలను పట్టి వుంచుతుంది. అందుకే దీనికి ఈస్టూ అక్కరలేదు, సోడా అక్కరలేదు. రాత్రి కలిపి వుంచితే చలికాలంలో తెల్లవారేసరికి కొద్దిగా పొంగుతుంది. వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులిసిపోతుంది. ఉప్పూ, జీలకర్రా పొద్దున్న వేస్తాను.

తరవాత నా సొంతం ఒకటి వుంది. ఈ పిండిలో ఆనపకాయ కోరి, నీరు పిండి, దోసెడు కలుపుతాను. ఆనపకాయ లేకపోతే క్యారెట్టు, లేకపోతే ములగాకు. కూర ముట్టని మా అబ్బాయి ఆనపకాయ తింటున్నానని తెలియకుండా నెల్లాళ్ళు తిన్నాడు. తెలిశాక అలిగాడు. అలిగినా తింటున్నాడు.

మూకుడు బాగా కాగనిచ్చి, మూడు చెంచాల నూనె తిప్పి, పిండి అంగుళం మందాన మాత్రమే పరిచి, మూతపెట్టి, మంట పూర్తిగా తగ్గించాలి. రెండంగుళాలు నిప్పుల కుంపటికే తగును. ఇరవై నిమిషాలు అటు చూడనక్కరలేదు. నేను స్నానం చేసి వస్తాను, అత్తగారి పుట్టింటివాళ్ళలాగే. అంచులు మూకుడును వదిలి, వాసన హాల్లోకి వచ్చినప్పుడు వచ్చి తిరగెయ్యాలి. ఇంకో పది పన్నెండు నిమిషాలు. ఒక్క రొట్టె నలుగురికి నాలుగు చెక్కలు. ఒక్కొక్కరికి ఒక డబ్బా. చల్లారినా గట్టిపడదు, సాయంత్రందాకా పాడవదు. పక్కన కొబ్బరి పచ్చడో, పెరుగులో దోసకాయముక్కలో, పిడికెడు మొలకెత్తిన పెసలో. పన్నెండు గిన్నెల జాగాలో ఇప్పుడు ఎనిమిది డబ్బాలు.

కోనసీమలో ఈ రొట్టెను చెరకు పానకంలో ముంచుకుని తింటారు. దాని రుచి నేనెరుగుదును గనకనే మా ఇంట్లో ఆ సీసా రాకుండా జాగ్రత్తపడుతున్నాను. అత్తగారి గదిలో ఒకటి వుందని నాకు అనుమానం.

వారం పొడుగునా రొట్టే అనుకునేరు. అది రెండు రోజులు. ఒకరోజు పెసరపప్పు బాగా వేసి ఉప్పుడుపిండి. అదీ మూతపెట్టి మగ్గబెట్టేదే. ఒకరోజు కూరముక్కలు సగం, అటుకులు సగం. శుక్రవారం మామూలు అన్నమే, గుప్పెడు, చుట్టూ కూరా పప్పూ ఎక్కువగా. రాత్రులు మా అత్తగారి రాజ్యం, అక్కడ నేను వేలు పెట్టను.

కొర్రలూ, చోళ్ళూ అంటే ఇప్పుడు చాలా మోజు. 2023ను ఐక్యరాజ్యసమితివారు చిరుధాన్యాల సంవత్సరమన్నారు. అప్పటినుంచి అవి ఎంత తిన్నా ఫరవాలేదన్న భ్రమ ఒకటి బయలుదేరింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనలు చదివితే ఆ భ్రమ వదులుతుంది. రోజంతా మనం పొందే శక్తిలో ధాన్యాల వాటా నూటికి 45కు మించకూడదంటారు వారు. ఆ 45లో చిరుధాన్యాలు కూడా కలిసే వున్నాయి! అన్నం మానేసి అంతే కొండంత కొర్రన్నం తినే మా సహోద్యోగి ఒకాయనకు ఈ మాట చెప్పాను. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంక అసలు చిక్కు. మగ్గబెట్టడానికి మనిషి అక్కరలేదు గాని, నానబెట్టడానికి మనిషి కావాలి. దిబ్బరొట్టె పొద్దుటి వంట కాదు, ముందురోజు సాయంత్రం వంట. కాలేజీనుంచి ఇంటికి వచ్చి, పప్పు నానబోసి, వంటింట్లో వుండి, రుబ్బి, గ్రైండరు కడిగి, పడుకునేసరికి పదకొండు. నాలుగున్నర లేవడం అయిదున్నరకు జరిగింది గాని, ఆ గంట రాత్రిలోకి జరిగిందే తప్ప ఎక్కడికీ పోలేదు. మూడు వారాలు చూశాను. నాలుగో వారం ఒక రాత్రి పప్పు నానబొయ్యకుండా పడుకున్నాను. పొద్దున్న మావారు డబ్బా ఏదని అడిగారు. "లేదు" అన్నాను.

ఆ రోజు ఆయన హోటల్లో భోజనం చేశారట. సాయంత్రం ఇంట్లో ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆయనే వంటింట్లోకి వచ్చి, "ఎంత పప్పు, ఎన్ని నీళ్ళు?" అన్నారు. అత్తగారు చూస్తూ వున్నారు. కొడుకు వంటింట్లో గ్లాసు పట్టుకుని నిలబడడం ఆవిడకు కొత్త. ఏమంటారో అనుకున్నాను. "నీళ్ళు పప్పుకి నాలుగు వేళ్ళు పైకి రావాలిరా" అన్నారు. ఆనాటినుంచి మా ఇంట్లో నానబొయ్యడం ఆయన పని, గ్రైండరు కడగడం అబ్బాయి పని, పిండి పరీక్ష అత్తగారిది. వేలితో కొద్దిగా తీసి నీళ్ళగిన్నెలో వేస్తారు. తేలితే సరే, మునిగితే మళ్ళీ రుబ్బమంటారు.

ఆరు నెలలకు మావారి సగటు 7.2కు దిగింది. ఇది రొట్టె మహిమ అని నేను అనడంలేదు. మాత్రలు వేసుకుంటున్నారు, సాయంత్రం పాదగయ దాకా నడిచి వస్తున్నారు. కాని మధ్యాహ్నం ఆఫీసులో నిద్ర రావడంలేదట. అది పై అధికారికి చాలా ఆశ్చర్యంగా వుందని చెప్పారు.

ఇదంతా చూసి మా అమ్మాయికి కేకు సరదా పుట్టింది. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిండీ, నెయ్యీ, పంచదారా పట్టుకుపోయి బేకరీవాడి బట్టీలో బిస్కట్లు చేయించి, డబ్బా నిండా తెచ్చుకునేవాళ్ళం. బట్టీ ముందు వరసలో కూర్చోవడం, మన రేకు ఏదో, పక్కవాళ్ళ రేకు ఏదో కనిపెట్టుకుని వుండడం, అదొక వేడుక. బట్టీ సెగ ఇంట్లోకి వస్తుందని అప్పుడు తెలియదు. మా అమ్మాయి ఓవెన్ కొనమన్నది. ముందు వున్న గిన్నెలో చేసి చూపించమన్నాను. పాత కుక్కరులో ఇసుక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, సన్నసెగన కాచి, లోపల గిన్నె పెట్టింది. గోధుమపిండి, పెరుగు, బెల్లం తక్కువగా, అరటిపండు ఎక్కువగా. గుడ్డు లేదు, అత్తగారు తినరని.

గుడ్డు లేకుండా పొంగడానికి బేకింగ్ పౌడరు వేస్తారు గదా, దాని కథ నాకు చాలా ఇష్టం. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందులషాపు ఆయన, తన భార్యకు ఈస్టు పడదని, ఆవిడ తినగల రొట్టె కోసం ఆ పొడి కనిపెట్టాడు. ఆవిడకు గుడ్డూ పడదని అంతకుముందే గుడ్డులేని కస్టర్డు చేసిపెట్టాడు. ఈ కథ మావారికి రెండుసార్లు చెప్పాను.

అమ్మాయి కేకు నలభై నిమిషాలకు పొంగింది. అది చూసిన సంతోషంలో మూత తీసింది. మధ్యన గుంటపడిపోయింది. కన్నీళ్ళు పెట్టుకుంది. అత్తగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "ఇది తియ్య దిబ్బరొట్టేనే! మూత ఎందుకు తీశావు? నిప్పులుంటే తీసేదానివా?" అన్నారు. రెండోసారి అది గుంటపడలేదు. మావారి వాటా అంగుళం ముక్క. కొలిచి ఇచ్చేది అమ్మాయే.

ఇవాళ బుధవారం. రేపు రొట్టె. తొమ్మిది కావస్తోంది. మావారు హాల్లో పేపరు చూస్తున్నారు. పప్పు డబ్బా ఇంకా అరలోనే వుంది. గుర్తుచెయ్యడానికి లేవబోయాను గాని, అత్తగారు కళ్ళతోనే వద్దని సైగచేశారు. సరే, చూద్దాం.